టెండరు నోటీసులో వ్రాసిన మాట
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో గావించిన ప్రసంగ పాఠము)



కంట్రాక్టులను గూర్చియు, వానిమీద వచ్చు కోర్టు వ్యాజ్యములను గూర్చియు మీతో మాటలాడుమని ఈ తరగతిని నిర్వహించుచున్న అధికారులు నన్ను కోరిరి. విషయము వినగానే ముందు వరుసలోని సర్పంచులు ఇరువురు ఒకరి మొగ మొకరు చూచుకొనుట నేను గమనించితిని. కారణము నెరుగుదును. ఒక మంచినీటి పథకము మంజూరగుటకు ఏండ్ల తరబడి తిరిగెదరు. మంజూరైన పిదప టెండర్లు పిలిచి ఒకరికి పని అప్పగించెదరు. వారము తిరుగకముందే పని దొరకనివాడు హైకోర్టులో రిట్టు దాఖలు చేయును. స్టే అనబడు నిలుపుదల ఉత్తరువు వచ్చును. త్రవ్విన కాలువ త్రవ్వినట్లే యుండును, దించిన గొట్టములు దించినచోటనే ఎండుచుండును. ఇంతలో వేసవి వచ్చును. ఆడువారు బిందెలు పట్టుకొని పొరుగూరి బావికి నడచుచుందురు.

కోర్టువారు పని నిలిపివేసిరని గ్రామములో అందరును అనుకొందురు. న్యాయవాదిగా చిరకాలము ఈ వ్యాజ్యములను చూచిన నాకు వేరొకటి తోచుచున్నది. పెక్కు సందర్భములలో ఆ పని ఆగుటకు బీజము పంచాయతీ కార్యాలయములోనే, టెండరు నోటీసు వ్రాసిన దినముననే పడియుండును. నోటీసులో మనము వ్రాసిన మాటను తరువాత మనమే మరచిపోయియుందుము. ఈ ఒక్క సంగతిని మీకు నచ్చజెప్పగలిగినచో నేను వచ్చినందుకు ఫలితము దక్కినట్లే.

మొదట ఒక సందేహమును తీర్చుకొందము. పంచాయతీ సొమ్ము మాది, తీర్మానము మాది, పని ఎవరికిచ్చిన నేమి అని అడుగు సభ్యులు లేకపోలేదు. సొంత ఇంటికి సున్నము వేయించుకొనునప్పుడు ఏ మేస్త్రీని పిలిచినను మిమ్ము అడుగువారుండరు. పంచాయతీకి ఆ స్వేచ్ఛ లేదు. మన రాజ్యాంగపు 12వ అధికరణము ‘రాజ్యము’ అను మాటకు అర్థము చెప్పుచు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములతోపాటు స్థానిక సంస్థలను గూడ అందులో చేర్చినది. కావున ఢిల్లీలోని మంత్రిత్వశాఖను కట్టివేయు సమానత్వ నియమము, అనగా 14వ అధికరణము, మీ గ్రామములోని రెండు గదుల పంచాయతీ కార్యాలయమును గూడ కట్టివేయును. ఆ నియమమునకు భంగము కలిగినదని తలచినవాడు 226వ అధికరణము క్రింద హైకోర్టుకు పోవచ్చును. 2019 జనవరి 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశ్‌వారికి అమరావతిలోను, తెలంగాణవారికి హైదరాబాదులోను వేర్వేరు హైకోర్టులు పనిచేయుచున్నవి.

ఇక మీకొక వ్యాజ్యపు కథ చెప్పెదను. ఇది కాఫీ ఫలహారములకు సంబంధించినదే యైనను, దేశములోని టెండర్ల న్యాయమునకంతకును ఇది పునాదిరాయి వంటిది.

1977 జనవరిలో బొంబాయి విమానాశ్రయమున ఒక రెండవ తరగతి భోజనశాలను, రెండు చిన్న ఫలహారశాలలను మూడేండ్లపాటు నడుపుటకు విమానాశ్రయాధికార సంస్థవారు టెండర్లు పిలిచిరి. కనీసము ఐదేండ్ల అనుభవము గలిగి, రిజిస్టరైన రెండవ తరగతి హోటలుదారులు టెండర్లు వేయవలెనని నోటీసులో ప్రకటించిరి. ఆరు టెండర్లు వచ్చినవి. వానిలో ఒక్కటి మాత్రమే అన్ని విధముల పూర్తిగా నింపబడి యుండెను. ఆ టెండరుదారు నెలకు రూ. 6,666-66 పైసలు రుసుము చెల్లింతుననెను. మిగిలినవారెవరును అంత చూపలేదు. పైగా ఆతనికి క్యాంటీనులు నడిపిన అనుభవము పదేండ్లకు మించి యుండెను. సంస్థవారు ఆతనికే ఇచ్చిరి.

మీరైనను అట్లే చేసియుందురు. నేనైనను అంతే. సొమ్ము హెచ్చు, అనుభవము హెచ్చు, ఇంకేమి కావలెను? కాని అందులో ఒక చిక్కు కలదు. ఆతడు రెండవ తరగతి హోటలుదారుడు కాడు. క్యాంటీనులు నడిపెనే గాని, బొంబాయి నగరపాలక సంస్థ నియమముల ప్రకారము ఆ తరగతి లైసెన్సు గల హోటలును ఐదేండ్లు నడిపినవాడు కాడు.

అప్పుడు రమణ దయారాం శెట్టి అను నాతడు కోర్టుకెక్కెను. చిత్రమేమనగా ఆతడు టెండరే వేయలేదు. వేయనివాడు వచ్చి వాదించుటేమని మీకు తోచవచ్చును. ఆతడు చెప్పినది వినుడు. నోటీసులోని అర్హత తనకును లేదు. లేదు గనుకనే తాను టెండరు వేయక ఊరకుండెను. ఆ షరతును సడలింతురని ముందే తెలిసియుండినచో తానును వేసియుండును, తనవంటివారు మరికొందరును వేసియుందురు. ఇదియే ఆతని వాదము.

1979 మే 4వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు వెలువడెను. తీర్పు వ్రాసినవారు జస్టిస్ పి. ఎన్. భగవతి. ఆ వాదమును వారు అంగీకరించిరి. ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన కొలబద్దకు తాను కట్టుబడి యుండవలెననియు, వంట వడ్డనలలో అనుభవము చాలునను ఉద్దేశమే యున్నచో ఆ మాటనే నోటీసులో వ్రాసి యుండవలసినదనియు తీర్మానించిరి. అట్లు వ్రాయక, టెండర్లు విప్పిన తరువాత ఒకరికొరకు షరతును సడలించుట, నోటీసును నమ్మి వెనుదిరిగిన వారందరి అవకాశమును హరించుటయే యగును.

మరి శెట్టి గెలిచెనా యనగా, గెలువలేదు. ఆ పని పొందినవాడు అప్పటికే సుమారు రూ. 1,25,000 వెచ్చించి ఏర్పాట్లు చేసికొనియుండెను. శెట్టి హైకోర్టుకు వచ్చునప్పటికి ఐదు నెలలకు పైగా గడచిపోయెను. అంతేగాక ఆతనికి స్వంతమైన ఆసక్తి ఏమియు లేదనియు, అంతకుముందు అచ్చట ఫలహారశాల నడిపిన వారి పక్షమున ముందుకు వచ్చిన వాడనియు న్యాయమూర్తులు గ్రహించిరి. అందుచే టెండరును రద్దుచేయక విడిచిపెట్టిరి. సూత్రము నెగ్గెను, పిటీషనుదారు ఓడెను. ఇటువంటి తీర్పును కక్షిదారునకు వివరించుట ఎంత కష్టమో మా వృత్తిలోనివారికే తెలియును.

ఈ కథను మీ ఊరికి తెచ్చి చూడుడు. వారపు సంత ఆశీలు వసూలు హక్కుకు పాట పెట్టితిరనుకొందము. పాటదారునకు మూడేండ్ల అనుభవము ఉండవలెనని నోటీసులో వ్రాసితిరి. పాటనాడు అందరికంటె హెచ్చుగా పాడినవానికి ఆ అనుభవము లేదు. మనిషి నమ్మకమైనవాడే, పంచాయతీకి ఆదాయము హెచ్చును, సభలో ఎవరును అభ్యంతరము చెప్పలేదు. పాట ఖాయపరచితిరి. అన్యాయము పొందినవాడు ఆ సభలో లేడు గనుకనే అభ్యంతరము రాలేదు. ఆతడు చావడి గోడమీద నోటీసు చదివి, తనకు అనుభవము లేదు గదాయని ఇంటికి పోయిన పొరుగూరి చిన్న వర్తకుడు. నోటీసులోని ప్రతి షరతును వ్రాయునప్పుడు, అది చదివి వెనుకకు పోవువాని మొగము మీ కన్నులకు కట్టవలెను.

అందుచే అక్కరలేని షరతులు వ్రాయకుడు. ఈ దోషము ఎట్లు వచ్చుచున్నదో నాకు తెలియును. క్రిందటేటి నోటీసునో, పొరుగు పంచాయతీవారి నోటీసునో తెచ్చి తేదీలు మార్చి నకలు వ్రాసికొందురు. వీధిదీపముల పనికి పిలిచిన టెండరులో మురుగుకాలువలు కట్టిన అనుభవమును కోరిన నోటీసును నేను కండ్లార చూచితిని. ఆ షరతు ఎందుకు పెట్టితిరని అడుగగా అక్కడివారెవరికిని తెలియలేదు. నేడు పెద్ద పనుల టెండర్లు ఇ-ప్రొక్యూర్‌మెంటు పద్ధతిని కంప్యూటరు ద్వారా జరుగుచున్నవి. యంత్రము లెక్క తప్పదు గాని, అక్కరలేని షరతును మనము ఎక్కించినచో దానిని గూడ తప్పక అమలుజరుపును.

ప్రభుత్వ సంస్థలకు కొంత మొగ్గు చూపదలచినను ఇదే న్యాయము. సైన్యమునకు పాలు సరఫరా చేయు కంట్రాక్టులో తక్కువ ధర చూపినవానిని కాదని, ప్రభుత్వమువారి పాల పథకమునకు ఎక్కువ ధరకు ఇచ్చిరి. ప్రభుత్వ సంస్థలకు ధరలో సౌకర్యము చూపు విధానము కలదని సమర్థించుకొనిరి. ఆ విధానము టెండరు షరతులలో లేదని 1986లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను.

అట్లని ప్రతి చిన్న లోపమునకును టెండరును త్రోసిపుచ్చవలెనని భావింపకుడు. వారణాసిలోని డీజిలు రైలింజనుల కర్మాగారమువారు పాత ఇనుమును అమ్ముటకు టెండర్లు పిలిచి, ధరావతును నగదుగాగాని స్టేటుబ్యాంకు మీది డ్రాఫ్టుగాగాని పంపవలెననిరి. అందరికంటె హెచ్చు ధర చూపినవాడు యూనియన్ బ్యాంకువారి చెక్కును పంపెను. అది బ్యాంకు తనమీద తాను వ్రాసికొన్న చెక్కు గనుక సొమ్మునకు కొదువ లేదు. హైకోర్టు ఆ టెండరు చెల్లదనెను. 1991లో సుప్రీంకోర్టు అది చెల్లుననెను. అర్హతను నిర్ణయించు ముఖ్యమైన షరతులు వేరు, పని జరుపుకొనుటకై పెట్టుకొన్న ఆనుషంగిక షరతులు వేరు. రెండవవానిని న్యాయమైన సందర్భములో సడలింపవచ్చునని చెప్పెను. ధరావతు అసలే చెల్లింపకపోవుట మొదటి జాతిది. బ్యాంకు పేరు మారుట రెండవ జాతిది. సడలించినపుడు మాత్రము ఒకరికి సడలించి మరొకరికి బిగింపరాదు. ఎందుకు సడలించితిరో ఆనాడే వ్రాసిపెట్టవలెను.

ఇక కోర్టు ఏమి చూడదో చెప్పెదను. ఎవరి పని బాగుండునో, ఎవరి ధర గిట్టునో, ఏ గొట్టము ఎక్కువ కాలము మన్నునో నిర్ణయించుటకు న్యాయమూర్తులు కూర్చుండలేదు. 1994లో నాలుగు మహానగరముల సెల్యులరు టెలిఫోనుల లైసెన్సులపై వచ్చిన టాటా సెల్యులర్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ హద్దును స్పష్టముగా గీచెను. నిర్ణయముమీద తాము అప్పీలు వినుటలేదనియు, ఆ నిర్ణయమునకు వచ్చిన పద్ధతిని మాత్రమే పరిశీలింతుమనియు చెప్పిరి. తరువాత ఒరిస్సానుండి వచ్చిన జగదీశ్ మండల్ వ్యాజ్యములో ఈ పరిశీలనను రెండు ప్రశ్నలకు కుదించిరి. నిర్ణయములో దురుద్దేశముగాని, పక్షపాతముగాని, వివేకముగల వారెవరును చేయనంతటి యుక్తిరాహిత్యముగాని కలదా? దానివలన ప్రజాహితమునకు భంగము కలిగినదా? ఈ రెంటికిని లేదను సమాధానమే వచ్చినచో పిటీషను కొట్టివేయబడును. తక్కువ ధర చూపినవానికే పని యిచ్చి తీరవలెనను నిర్బంధము గూడ లేదు. అయితే అతనిని కాదన్నందుకు కారణము ఉండవలెను, అది కాగితముమీద ఉండవలెను.

ఈ కాగితము సంగతి మీకు కొంత కటువుగానే చెప్పవలసియున్నది. నిర్ణయము చేసిన ఆరు నెలలకు కోర్టునుండి నోటీసు వచ్చును. అప్పుడు సర్పంచుగారు, కార్యదర్శిగారు మావద్దకు వచ్చి ఎన్నో మంచి కారణములు చెప్పుదురు. ఆ కంట్రాక్టరు వెనుక కట్టిన పాఠశాల గోడ బీటలు వారినదనియు, ఆతనికి కంకర మిషను లేదనియు, కూలీలకు సొమ్ము ఎగవేసెననియు చెప్పుదురు. అన్నియు నిజమే కావచ్చును. తీర్మానముల పుస్తకము తెరచి చూచినచో మాత్రము ‘సభ్యులందరు చర్చించి ఆమోదించడమైనది’ అను ఒక్క పంక్తి యుండును! 1977లో ఒక ఎన్నికల వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇచ్చట పనికివచ్చును. ఉత్తరువు మంచిచెడ్డలను అందులో చెప్పిన కారణములనుబట్టియే నిర్ణయింపవలెను గాని, తరువాత అఫిడవిట్టులో క్రొత్త కారణములు చేర్చి దానిని నిలబెట్టరాదని ఆ తీర్పు చెప్పుచున్నది. పాఠశాల గోడ బీటలు వారినచో ఆ సంగతి ఇంజనీరు నివేదికతో సహా తీర్మానములో ఆనాడే ఎక్కవలెను. తీర్మానముల పుస్తకములో ఖాళీ పంక్తులు విడిచి, తరువాత నింపు అలవాటు ఎచ్చటనైన నున్నచో నేడే మానుకొనుడు. మేము నల్లకోటువారము, ఆ సిరా తేడాను ప్రత్యర్థి న్యాయవాది క్షణములో పట్టును.

నిలుపుదల ఉత్తరువుల మాట. ఇందులో న్యాయస్థానములే ఈ పాతికేండ్లలో తమ చేతిని కొంత వెనుకకు తీసికొన్నవి. మహారాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డువారి టెండరుపై వచ్చిన రౌనక్ ఇంటర్నేషనల్ వ్యాజ్యములో 1998 డిసెంబరున సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పెను. ప్రజోపయోగమైన పనిని ఆపించినవాడు తుదకు ఓడినచో, ఆలస్యమువలన పెరిగిన ఖర్చునకు ఆతనిని బాధ్యుని చేయవలెననెను. 1963 నాటి నిర్దిష్ట పరిహారముల చట్టమును 2018లో సవరించి, రహదారులు, మంచినీటి గొట్టములు, నీటిపారుదల కాలువలు మొదలగు మౌలిక సదుపాయముల పనులు జాప్యమగునట్లు సివిలు కోర్టులు ఇంజంక్షను ఇవ్వరాదని చేర్చిరి. 2022లో జార్ఖండులోని ఒక రోడ్డు టెండరు వ్యాజ్యమున, రిట్టు వినునపుడు హైకోర్టులు గూడ దీనిని గుర్తుంచుకొనవలెననియు, అన్యాయము జరిగినదని తోచినను పనిని ఆపుటకంటె నష్టపరిహారమునకు దారి చూపుట మేలనియు సుప్రీంకోర్టు చెప్పెను.

అట్లని స్టే రాదని నిశ్చింతగా కూర్చుండరాదు. పక్షపాతము రికార్డులోనే కనబడినచో ఏ చట్టమును మిమ్ము కాపాడదు. కలకత్తాలో రెండు భూగర్భ మార్గముల నిర్వహణకు ఇచ్చిన కంట్రాక్టును అచ్చటి నగరాభివృద్ధి సంస్థవారు రద్దుచేసిరి. సాంకేతిక దోషము కలదనిరి. ఫైలు తెప్పించి చూడగా, రద్దుచేయుమని పైనుండి వచ్చిన మాటయే అసలు కారణమని తేలెను. 2024 జూలైలో సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టివేసెను. క్రొత్త పాలకవర్గములు రాగానే పాత వారిచ్చిన పనులను రద్దుచేయ తొందరపడు చోట్ల ఈ తీర్పును చదివి వినిపించుట మంచిది. అట్లే, పని చెడగొట్టిన కంట్రాక్టరును నల్లజాబితాలో చేర్చుటకు ముందు ఆతనికి నోటీసిచ్చి సమాధానము వినవలెను. ఇది 1974 నుండియు స్థిరపడిన న్యాయము. కోపముతో తీర్మానించి పంపిన నల్లజాబితా కోర్టులో నిలువదు.

సభ్యులకు సంబంధించిన మాట మరొకటి. తన పంచాయతీతో జరిగిన కంట్రాక్టులో సభ్యునకు స్వప్రయోజనమున్నచో ఆతడు సభ్యత్వమునకే అనర్హుడగు నియమము మన రెండు రాష్ట్రముల పంచాయతీ చట్టములలోను కలదు. బావమరిది పేర, పాలేరు పేర టెండరు వేయించినచో ఎవరికిని తెలియదనుకొనువారు కలరు. ఊరిలో అందరికిని తెలిసినది కోర్టుకు తెలియకుండునా?

ఇక నోటీసు వచ్చినపుడు చేయవలసిన పని. హైకోర్టు కవరును ‘ఎవరో పంపిరి’ అని బల్ల సొరుగులో పడవేయకుడు. స్టే ఉన్నచో పని వెంటనే ఆపుడు. స్టే వచ్చిన తరువాత రాత్రికి రాత్రి పని పూర్తిచేయించినవారు కోర్టు ధిక్కారమునకు గురియై, టెండరు సక్రమమైనదే యైనను చేతులు కట్టుకొని నిలువవలసి వచ్చును. పిమ్మట పంచాయతీల తరపు న్యాయవాదిని కలిసికొనుడు. నోటీసు ప్రచురించిన తేదీ, టెండర్లు విప్పిన తేదీ, హాజరైనవారి సంతకములు, ధరల పోలిక పట్టిక, ఇంజనీరు సిఫారసు, తీర్మానము, ఇవి వరుసగా కుట్టి తీసికొనిపొండు. ఊరిలో నీటి కటకట ఎంత యున్నదో, ఎన్ని ఇండ్లకు ఆ గొట్టము పోవలసియున్నదో ఆ ప్రతివాద పత్రములో అంకెలతో వ్రాయించుడు. స్టే తొలగింపుడని అడుగుటకు అంతకంటె బలమైన మాట వేరొకటి నాకు తెలియదు. అది వ్రాయక, పిటీషనుదారు ఏ పార్టీవాడో వ్రాసి తెచ్చువారిని చూచినపుడు నాకు విసుగు కలుగును.

మీలో కొందరు క్రిందటి సంవత్సరపు టెండరు నోటీసుల నకళ్ళు వెంట తెచ్చితిరని విన్నాను. భోజనానంతరము వానిని ఈ బల్లమీద పెట్టుడు. ఒక్కొక్క షరతును చదివి, అది ఎందుకు పెట్టితిరో చెప్పుడు. సమాధానము లేని షరతులను ఎఱ్ఱ సిరాతో కొట్టివేయుచు పోవుదము.